కిలో వేరు, లీటరు వేరు: ఇంట్లో ఉన్న వస్తువులతో సాంద్రత కట్టడం

మా ఇంటి అరుగు మీద ట్యూషన్‌కి వచ్చే తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు ఇనుము సాంద్రత 0.14 అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టి చూపించాడు. లెక్కలో గుణకారం, భాగహారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఒరే, ఆ అంకె నిజమైతే పడవకి లంగరెందుకురా, అదీ తేలుతుంది కదా" అన్నాను. కాసేపు ఆలోచించి, "తిరగేసి భాగించానండీ మాస్టారూ" అన్నాడు. 500 గ్రాముల బరువుని 70 మిల్లీలీటర్ల ఘనపరిమాణంతో భాగించాల్సింది, 70ని 500తో భాగించాడు.

ఇలాంటి తప్పు కనిపెట్టడం తేలిక. అసలు చిక్కు భాగహారంలో లేదు, ఘనపరిమాణం కొలవడంలో ఉంది. బరువు చూడటానికి కాటా ఉంటుంది, అంకె అదే చెబుతుంది. ఒక వస్తువు ఎంత చోటు ఆక్రమించిందో తేల్చడానికి మాత్రం కాస్త బుర్ర పెట్టాలి. అందుకే ఇందులో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు సూత్రం, ప్రమాణాలు

సాంద్రత = ద్రవ్యరాశి ÷ ఘనపరిమాణం. ఒక సీసీ (ఘన సెంటీమీటరు) చోటులో ఎన్ని గ్రాముల పదార్థం ఇమిడి ఉందన్నదే ఆ అంకె. నీటికి దాదాపు 1. ఒకటి కంటే తక్కువ వస్తే ఆ పదార్థం నీళ్ళలో తేలాలి, ఎక్కువ వస్తే మునగాలి. జవాబు రాగానే ముందు ఈ పరీక్ష పెట్టండి. పై కుర్రాడి తప్పు లాంటివి సగం ఇక్కడే దొరికిపోతాయి.

గ్రాములు తీసుకుంటే సీసీలు, కిలోలు తీసుకుంటే లీటర్లు లేదా ఘనమీటర్లు. ఒక మిల్లీలీటరూ ఒక సీసీ ఒక్కటే. ఘనమీటరుకి వచ్చేసరికి పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ తడబడతారు. మీటరుకి 100 సెంటీమీటర్లు కదా అని ఘనమీటరుకి 100 సీసీలు అనేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 100 చొప్పున హెచ్చించాలి కాబట్టి ఘనమీటరంటే 10 లక్షల సీసీలు. కిలో అంటే 1000 గ్రాములు. అందుకే 1 గ్రాము/సీసీ అంటే 1000 కిలోలు/ఘనమీటరు అవుతుంది.

కావలసిన సామాను

ఒక్కో గ్రాము తేడా చూపించే వంటింటి డిజిటల్ కాటా, స్కేలు, మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి (సూది అక్కర్లేదు), మూత బిగుతుగా పట్టే చిన్న సీసా, దారం, ఓ తపేలా. స్కూల్లో కొలజాడీ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. ప్లాస్టిక్ కొలత మగ్గులను మాత్రం నేను పెద్దగా నమ్మను. వాటి మీద గీతలు 10 మిల్లీలీటర్లకి ఒకటి ఉంటే గొప్ప.

ఇటుకతో మొదలు పెట్టండి

పలకలుగా ఉన్న వస్తువైతే స్కేలు చాలు. బట్టీ ఇటుక ఒకటి తీసుకుని కొలిస్తే పొడవు 22.5, వెడల్పు 10.8, ఎత్తు 7.2 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. మూడూ హెచ్చిస్తే 1750 సీసీలు. కాటా మీద 2900 గ్రాములు. 2900 ÷ 1750 = 1.66.

అయిపోయిందా? ఇటుకని తిరగేసి చూడండి. బట్టీ వాళ్ళ అక్షరాలు అచ్చు వేసిన చోట పల్లం ఉంటుంది. అక్కడ మట్టి లేదు, మనం ఉందనుకుని లెక్క కట్టేశాం. ఆ పల్లంలో నీళ్ళు పోసి కొలుద్దామంటే ఇటుక తాగేస్తుంది. ఎండిన సన్న ఇసుకతో నింపి, పైన స్కేలుతో సమంగా తోసేసి, ఆ ఇసుకని కొలజాడీలోకో సిరంజి గొట్టంలోకో ఒంపి కొలవండి. 84 సీసీలు వచ్చిందనుకుంటే ఇటుక ఘనపరిమాణం 1666, సాంద్రత 1.74. చిన్న పల్లానికే 5 శాతం తేడా.

ఆ 1.74లో చివరి 4ని మరీ గట్టిగా పట్టుకోకండి. 7.2 సెంటీమీటర్ల ఎత్తులో ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితేనే ఒకటిన్నర శాతం మారిపోతుంది. చేత్తో అచ్చు పోసిన ఇటుక ఒక మూల ఒకలా, ఇంకో మూల ఇంకోలా ఉంటుంది. 1.7 అని రాయడమే నిజాయితీ. కాలిక్యులేటర్ చూపించింది కదా అని 1.740696 అని రాసే పిల్లలకి నేను మార్కు కోస్తాను.

వంకర వస్తువులు: నీళ్ళతో కొలత

ఇప్పుడు ఆ 0.14 కథలోని వస్తువు. పాత కిరాణా కొట్టు నుంచి మా ఇంటికి చేరిన అరకిలో తూనికరాయి. పోత ఇనుముది, ఆరు పలకలు, పైన అంకె, అడుగున చిన్న గుంటలో సీసం పోసి ఉంటుంది. బరువు సరిచేసి ముద్ర వేయడానికి ఆ సీసం. స్కేలు పెట్టి కొలవలేం.

మగ్గులో 300 గీత దాకా నీళ్ళు పోసి రాయిని మెల్లగా దించితే మట్టం 370 దగ్గరికి వచ్చింది. పెరిగింది 70. 500 ÷ 70 = 7.1. అయితే గీతలు పదికొకటి ఉన్న మగ్గులో ఆ 70 నిజానికి 65 కావచ్చు, 75 కావచ్చు. 65 అయితే జవాబు 7.7, 75 అయితే 6.7. అంత అనుమానం పెట్టుకుని పోత ఇనుమా, ఉక్కా అని తేల్చలేం. పోత ఇనుము 7.2 దరిదాపుల్లో ఉంటుంది, ఉక్కు 7.85.

దీన్ని సిరంజితో బాగుచేయొచ్చు. నిలువుగా, మూతి మరీ వెడల్పు కాని గాజు సీసా తీసుకోండి. నీళ్ళు పోసి మట్టం దగ్గర టేపు అంటించండి. రాయిని దించండి. పైకొచ్చిన నీటిని సిరంజితో లాగుతూ మట్టాన్ని మళ్ళీ టేపు దగ్గరికి తీసుకురండి. మూడు నిండు సిరంజిలు, పైన 9 మిల్లీలీటర్లు. అంటే 69. మట్టం చూసేటప్పుడు కన్ను నీటి ఎత్తులోనే ఉండాలి. గాజు దగ్గర నీరు కాస్త పైకి పాకుతుంది, ఆ అంచుని కాదు, మధ్యలో వంపు అడుగుని చూడాలి.

రాయి అడుగున గాలి బుడగలు అంటుకుని ఉంటే అవి కూడా ఇనుములో కలిసిపోతాయి. రాయిని ముందే తడిపి, వాలుగా దించండి. చిన్న మేకులూ మరలూ లాంటివైతే ఒకటి కొలవకండి, యాభై కలిపి కొలవండి.

అన్నిటికంటే నాకు నచ్చిన పద్ధతి

ఈ పద్ధతికి సిరంజి కూడా అక్కర్లేదు. తపేలాలో సగం పైగా నీళ్ళు పోసి కాటా మీద పెట్టండి. సున్నా నొక్కండి. తూనికరాయికి దారం కట్టి, చేత్తో పట్టుకుని నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుక్కి గానీ, పక్కలకి గానీ తగలకూడదు. కాటా 69 చూపిస్తుంది.

ఎందుకలా? నీరు రాయిని పైకి తోస్తుంది. రాయి ఎంత నీటిని పక్కకి నెట్టిందో అంత నీటి బరువుకి సమానమైన తోపు అది. ఆర్కిమెడీస్ చెప్పింది ఇదే. నీరు రాయిని పైకి తోస్తే రాయి నీటిని అంతే గట్టిగా కిందికి తోస్తుంది, అది కాటాకి తెలుస్తుంది. రాయి మిగతా బరువంతా దారం మోస్తోంది. నెట్టిన నీరు 69 గ్రాములంటే 69 సీసీలు. చెయ్యి జారి రాయి అడుగుకి తగిలిందా, అంకె ఒక్కసారిగా 500 వైపు ఎగబాకుతుంది.

500 ÷ 69 = 7.25. పోత ఇనుమే.

తేలే వస్తువులకైతే ఇది ఇంకా బాగుంటుంది, రెండు కొలతలూ ఒకే తపేలాలో దొరుకుతాయి. తలుపు చేయించినప్పుడు మిగిలిన టేకు ముక్కని సున్నా నొక్కిన తపేలాలో వదలండి. తేలుతుంది, కాటా 84 అంటుంది. అది దాని బరువు. ఇప్పుడు గుండుసూది గుచ్చి, వేలు తడవకుండా చెక్క మాత్రమే మునిగేలా నొక్కండి. 129 చూపిస్తుంది. అది దాని ఘనపరిమాణం. 84 ÷ 129 = 0.65. కొలత త్వరగా ముగించండి, చెక్క నీళ్ళు పీలుస్తుంది.

నీళ్ళలో కరిగిపోయేవాటికి నూనె వాడాలి. పటికబెల్లం ముక్క 40 గ్రాములు ఉంది. కొబ్బరినూనెలో వేలాడదీస్తే కాటా 23 చూపించింది. ఇది 23 గ్రాముల నూనె, 23 సీసీలు కాదు. నూనె సాంద్రత 0.912తో భాగిస్తే 25.2 సీసీలు. 40 ÷ 25.2 = 1.59. ఆ 0.912 ఎక్కడిదంటారా? అదే చెబుతున్నాను.

ద్రవాలు: ఒక సీసా, మూడు తూకాలు

అంబాజీపేట వైపు కొబ్బరినూనె గానుగలో కొనేవాళ్ళు కిలో అడుగుతారా, లీటరు అడుగుతారా అన్నది చిన్న విషయం కాదు. వంటనూనె పాకెట్ వెనక్కి తిప్పి చూడండి, 1 లీటరు అని ఉన్న చోటే 910 గ్రాములు అని కూడా ఉంటుంది. లీటరు ధర, కిలో ధర ఒక్కటే చెప్పే కొట్టులో కిలో కొన్నవాడికే లాభం.

మీరే కట్టుకోవచ్చు. శుభ్రంగా ఆరబెట్టిన సీసాని మూతతో తూచండి: 38 గ్రాములు. అంచుదాకా నీళ్ళు నింపి, మూత బిగించి, బయట తుడిచి తూచండి: 288. అంటే 250 గ్రాముల నీరు పట్టింది. నీళ్ళు ఒంపి, సీసాని పూర్తిగా ఆరబెట్టి, అదే అంచుదాకా నూనె నింపి తూచండి: 267. నూనె 229 గ్రాములు.

229 ÷ 250 = 0.916. ఇది సాపేక్ష సాంద్రత, అంటే నీటితో పోల్చిన అంకె. దీనికి ప్రమాణాలు ఉండవు. అసలు సాంద్రత కావాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. నీటి సాంద్రత సరిగ్గా 1 ఉండేది 4 డిగ్రీల దగ్గర. మన గోదావరి జిల్లాల్లో కుండలో నీళ్ళు కూడా అంత చల్లగా ఉండవు. 30 డిగ్రీల దగ్గర అది 0.9957. 0.916ని దానితో హెచ్చిస్తే 0.912.

చలికాలంలో ఈ ప్రయోగం పొద్దున్నే పెట్టుకోకండి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, సగం గడ్డ సగం నూనెగా ఉంటే ఏ అంకె వచ్చినా అర్థం లేదు. ఒక సంగతి గమనించండి, పేరుకున్న గడ్డ నూనెలో అడుక్కి చేరుతుంది. మంచుగడ్డ మాత్రం నీటిలో పైకి తేలుతుంది. గడ్డకడితే సాంద్రత పెరగడమే లోకంలో మామూలు సంగతి, నీరు తేడా మనిషి.

అంతర్వేది నీళ్ళు

అదే సీసాని అంతర్వేది తీసుకెళ్ళండి. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర. ఎగువన సఖినేటిపల్లి రేవులో పట్టిన నీళ్ళు ఒకటి, సముద్రం వైపు పట్టినవి ఒకటి. మామూలు సముద్రపు నీటి సాంద్రత 1.025 ఉంటుంది, కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు. మన సీసాలో 250 గ్రాముల మంచినీరు పట్టే చోట ఈ నీరు 256 గ్రాములకి పైన తూగాలి. నది కలిసే చోట అంత ఉండదు, వరదల కాలంలో ఇంకా తగ్గిపోతుంది.

ఈ రెండున్నర శాతం తేడా చిన్నదే అయినా పనులు చాలా చేస్తుంది. బరువైన ఉప్పునీరు అడుగున ముక్కులా పొడుచుకుంటూ నదిలోకి ఎగబాకుతుంది, మంచినీరు దాని మీదుగా సముద్రంలోకి జారుతుంది. పైన తీసిన గ్లాసు తియ్యగా ఉండి, అడుగున తీసింది ఉప్పగా ఉండటానికి కారణం ఇదే. 10 టన్నుల పడవ నదిలో 10 ఘనమీటర్ల నీటిని నెడితే తేలుతుంది, సముద్రంలో 9.76 చాలు. అందుకే ఏటి మొగ దాటగానే పడవ ఓ పిసరు పైకి లేస్తుంది.

రొయ్యల చెరువు ఉప్పుశాతం కూడా ఇలా తూచి చెప్పొచ్చా అని భీమవరం వైపు బంధువు ఒకాయన అడిగారు. చెప్పొచ్చు గానీ వద్దన్నాను. 250 గ్రాముల సీసాలో కాటా ఒక్క గ్రాము తప్పితే ఉప్పు లెక్క 5 పీపీటీ (కిలో నీటికి 5 గ్రాములు) దాకా తప్పుతుంది. ఆ పనికి రిఫ్రాక్టోమీటర్ ఉంది, దాంతోనే చూసుకోవాలి. పద్ధతి ఎంత సరైనదైనా మన కాటాకి తూగని తేడాని అది పట్టుకోలేదు.

ధాన్యం: గింజ సాంద్రత, బస్తా సాంద్రత

సోల, తవ్వ, మానిక, కుంచం, ఇవన్నీ ఘనపరిమాణం కొలతలే. కుంచం బియ్యం, కుంచం మినుములు, కుంచం మరమరాలు ఒకే బరువు తూగవని మన అమ్మమ్మలకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అయితే గింజల్ని డబ్బాలో పోస్తే మధ్యలో గాలి ఉంటుంది. ఆ గాలితో కలిపి కట్టిన సాంద్రత వేరు, గింజ సొంత సాంద్రత వేరు. ఎండిన ధాన్యం గింజ నీళ్ళలో వేస్తే మునుగుతుంది, తాలు మాత్రమే తేలుతుంది. అంటే గింజది ఒకటి కంటే ఎక్కువ. అదే ధాన్యం లీటరు డబ్బాలో పోసి తూచండి, సుమారు 580 గ్రాములే వస్తుంది.

నిల్వకి పనికొచ్చేది ఈ రెండో అంకె. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న గదిలో మీటరున్నర ఎత్తు ధాన్యం పోస్తే 13.5 ఘనమీటర్లు. 580తో హెచ్చిస్తే 7830 కిలోలు, 75 కిలోల బస్తాలు 104. సొంత ధాన్యానికి సొంత అంకె కట్టుకోండి, రకాన్ని బట్టీ తేమని బట్టీ మారుతుంది. డబ్బాని తట్టి పోశారా, వదులుగా పోశారా అన్నది కూడా రాసి పెట్టుకోండి.

ఇసుక దగ్గర నేను మోసపోయిన తీరు

వెనకింటి గది కట్టించేటప్పుడు ఇసుక యూనిట్ లెక్కన కొన్నాను. యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు, 2.83 ఘనమీటర్లు. ఎండు ఇసుక ఘనమీటరుకి సుమారు 1600 కిలోలు కాబట్టి నాలుగున్నర టన్నులు రావాలని కాగితం మీద కట్టుకున్నాను కూడా. ట్రాక్టర్ ట్రక్కు కొలత సరిపోయింది. తేమగా, చల్లగా ఉంది ఇసుక. తడిస్తే బరువు పెరుగుతుంది, కొలత మీద కొంటున్నాం కాబట్టి మనకి పోయేదేముందని ధీమాగా ఉన్నాను.

తాపీ మేస్త్రి పిడికెడు తీసి నలిపి చూసి, "చెమ్మ ఇసుక కొలతకి కొన్నారేంటండీ మాస్టారూ, ఐదో వంతు పోయినట్టే" అన్నాడు. సాంద్రత పాఠం చెప్పేవాణ్ణి కదా, పౌరుషం వచ్చింది. నిటారు గాజు సీసాలో ఆ ఇసుకని నొక్కకుండా 20 సెంటీమీటర్ల ఎత్తు పోశాను. నీళ్ళు నిండా పోసి పుల్లతో కలిపి వదిలేశాను. తేరుకున్నాక స్కేలు పెడితే ఇసుక 16 దగ్గర ఉంది.

కొద్దిపాటి చెమ్మ ఉన్నప్పుడు ప్రతి రేణువు చుట్టూ పల్చటి నీటి పొర పట్టి, రేణువులు ఒకదానికొకటి దగ్గరికి రాకుండా ఆపుతుంది. కుప్ప ఉబ్బుతుంది. పూర్తిగా నీళ్ళు పోస్తే ఆ పొరల పట్టు పోయి మళ్ళీ కిందికి కుంగుతుంది. 16 సెంటీమీటర్ల ఇసుక 20 అయిందంటే 25 శాతం ఉబ్బు. నేను కొన్న 100 అడుగుల్లో అసలు ఇసుక 80 అడుగులే. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, కొలత సరిగ్గానే ఇచ్చాడు. నేనే సాంద్రత మారదనుకున్నాను.

తూకం మీద కొంటే దీనికి తిరగబడిన చిక్కు: 5 శాతం చెమ్మ ఉంటే టన్నులో అర క్వింటా నీళ్ళే. అయినా ఐదో వంతు కంటే అది నయం. చెమ్మ ఇసుకని తూకానికే కొనండి. కొలతకే కొనాల్సి వస్తే సీసా పరీక్ష చేసి, ఉబ్బు చూపించి బేరమాడండి.

బంగారం సంగతి

ఇది అడగని వాళ్ళు ఉండరు కాబట్టి రాస్తున్నాను. మేలిమి బంగారం సాంద్రత 19.3. 22 క్యారెట్లదైతే కలిపిన రాగి, వెండి పాళ్ళని బట్టి 17.5 నుంచి 17.8 మధ్య ఉంటుంది. ఒక కాసు, అంటే 8 గ్రాముల ఉంగరం ఆక్రమించే చోటు 0.45 సీసీ. వంటింటి కాటాకి అది కనపడదు. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా మీద దారం పద్ధతిలో 0.45 వచ్చిందంటే 17.8. అదే కాటా 0.46 అంటే 17.4, 0.44 అంటే 18.2. చివరి అంకె ఒక్కటి కదిలితేనే జవాబు ఇంత ఊగుతుంది. అందుకని వీలైనంత బరువైన వస్తువుతో, ఐదారు సార్లు కొలిచి సగటు తీయండి. దారం ఎంత సన్నదైతే అంత మంచిది.

రాళ్ళు పొదిగినవి, లోపల లక్క నింపిన గాజులు, బోలు గొలుసులు ఈ పద్ధతికి లొంగవు. బంగారం ఎంత మంచిదైనా అంకె తక్కువే వస్తుంది. ఇక అంకె సరిగ్గా వచ్చినంత మాత్రాన బంగారమేనని కూడా అనలేం, టంగ్‌స్టన్ సాంద్రత 19.25. బిళ్ళ లోపల అది పెట్టి పైన బంగారం తొడిగితే మీ తపేలా, దారం, కాటా మూడూ కలిసి దాన్ని మేలిమి అనే చెబుతాయి.